పరీక్ష రాసేశాక గీసిన గీత: ఒక రిక్రూట్‌మెంట్ కేసు మొదటి నుంచి చివరి దాకా

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఆఫీసు పెట్టుకుని సర్వీస్ మేటర్లు చూస్తుంటాను, అంటే ఉద్యోగాల నోటిఫికేషన్లు, సీనియారిటీ, ప్రమోషన్లు, వీటి మీద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్లు. ఈ కేసు గురించి రాయొచ్చా అని క్లయింట్‌ని అడిగితే రాయండి సార్, నాలాంటి వాళ్లకి ఉపయోగపడుద్ది అంది, అందుకే రాస్తున్నా. ఆ అమ్మాయి పేరు గానీ ఆ సంస్థ పేరు గానీ చెప్పను. రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థ, జూనియర్ అకౌంట్స్ పోస్టులు, అంతవరకు చాలు.

వాళ్లు మొదటిసారి వచ్చింది ఒక శనివారం సాయంత్రం, అమ్మాయి, వాళ్ల నాన్న. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా, యార్డు నుంచి నేరుగా బస్సెక్కి వచ్చేశారు, కూర్చోగానే నా రూమంతా మిర్చి ఘాటు. అమ్మాయి బీకాం చేసి బ్రాడీపేటలో కోచింగ్ తీసుకుని రెండేళ్లు దీని మీదే కూర్చుంది. ప్లాస్టిక్ కవర్లోంచి నోటిఫికేషన్ ప్రింటవుట్, హాల్ టికెట్, వెబ్‌సైట్‌లో పెట్టిన రిజల్ట్ పేజీ తీసి టేబుల్ మీద పెట్టింది. రాత పరీక్ష 150కి 118. స్కిల్ టెస్ట్ 50కి 17. టోటల్ అనే గడి ఖాళీ. రిమార్క్స్‌లో స్కిల్ టెస్ట్‌లో నాట్ క్వాలిఫైడ్ అని ఉంది.

నేను రిజల్ట్ పేజీ చూస్తుంటే ఆయన అన్న మాట ఇది: "మా పిల్ల ఫెయిలయితే ఫెయిలయిందని ఊరుకునేవాళ్లమే లాయర్ గారూ, కానీ ఎంతొస్తే పాసో ఈ కాగితాల్లో ఎక్కడా రాయలేదండీ, నేను రెండు సార్లు చదివా." ఆయన చదివింది టెన్త్. కేసు మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది, తర్వాత నేను రాసిన అఫిడవిట్ దాని చుట్టూ కట్టిందే.

నోటిఫికేషన్ నేనూ చదివా, ఆయన చెప్పింది కరెక్టే. రాత పరీక్షకి 150, కంప్యూటర్ స్కిల్ టెస్టుకి 50, మొత్తం 200, రెండూ కలిపి వచ్చిన మార్కుల మీద కేటగిరీ వారీగా మెరిట్ లిస్టు. రాత పరీక్షకి కనీస మార్కులు ఎంతో వేశారు, స్కిల్ టెస్టుకి మాత్రం ఏమీ వెయ్యలేదు. మర్చిపోయారా, కావాలనే వదిలేశారా అన్నది మనకి అనవసరం. ఆఖరి పేజీలో మాత్రం ఒక పేరా ఉంది, ఎంపిక విధానాన్ని ఏ దశలోనైనా మార్చే హక్కు యాజమాన్యానికి ఉంది అని. ఇలాంటి పేరా లేని నోటిఫికేషన్ నేనైతే దాదాపు చూళ్లేదు.

సెలెక్టెడ్ లిస్టులో ఆ అమ్మాయి కేటగిరీలో ఆఖరి పేరుకి టోటల్ 121. ఈ అమ్మాయివి కూడితే 135. పద్నాలుగు మార్కులు ఎక్కువ వచ్చినామె బయట, తక్కువ వచ్చినాయన లోపల. ఏంటని ఆఫీసుకెళ్లి అడిగితే స్కిల్ టెస్టులో 40 శాతం, అంటే 20 మార్కులు, రావాలని కమిటీ డిసైడ్ చేసిందమ్మా అన్నారంట. ఎప్పుడు డిసైడ్ చేశారు సార్ అని ఈ అమ్మాయి అడగలేదు. ఆ టైంలో ఎవరికీ తట్టదు. కాగితం రాసిచ్చి వెళ్లు, పరిశీలిస్తాం అన్నారు, ఇచ్చింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ వెళ్లింది, అలా ఆరు వారాలు పోయాయి. ఇక్కడ నా బాధ చెప్పుకోవాలి. రిప్రజెంటేషన్ ఇవ్వడం మంచిదే, రికార్డు కోసం కావాలి కూడా, కానీ దానికి జవాబు వస్తుందని ఎదురు చూడకండి, వారం చూసి లాయర్ దగ్గరికి వెళ్లిపోండి. ఆ ఆరు వారాల్లో లిస్టులో వాళ్లకి సర్టిఫికెట్ వెరిఫికేషన్ అయిపోయింది, ఇంకో రెండు వారాలు ఆగుంటే అపాయింట్‌మెంట్ ఆర్డర్లు చేతికొచ్చేవి. వాళ్లు జాయినయ్యాక ఇదే కేసు ఎంత మారిపోతుందో కింద చెప్తా.

ముందు రెండు పనులు ఒకేసారి మొదలుపెట్టాం. ఒకటి ఆర్టీఐ. పది రూపాయల ఫీజు కట్టి మూడు అడిగాం: ఆ అమ్మాయి స్కిల్ టెస్ట్ పేపరు కాపీ, దిద్దినవాళ్లకి ఇచ్చిన మార్కింగ్ స్కీమ్, 20 మార్కుల నిర్ణయం తీసుకున్న మీటింగ్ మినిట్స్. అభ్యర్థి తన జవాబు పత్రం తాను చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లోనే సీబీఎస్ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో చెప్పేసింది కాబట్టి పేపరు కాపీ ఇచ్చారు, స్కీమ్ కూడా ఇచ్చారు, మినిట్స్ మాత్రం కాన్ఫిడెన్షియల్ అన్నారు. అప్పీలుకి వెళ్తే ఇంకో నెల పోతుంది, రిట్‌లోనే రికార్డు తెప్పించమని అడుగుదాంలే అని వదిలేశా.

రెండోది రిట్. ఎవరెవర్ని పార్టీలుగా పెట్టాలన్న దగ్గర చాలామంది పొరపాటు పడతారు. సంస్థని మాత్రమే పెట్టి వదిలేస్తే, రేపు ఎవరి ఉద్యోగం పోతుందో ఆయన మాట వినకుండా ఆర్డరు ఎలా ఇస్తాం అంటారు, పిటిషన్ అక్కడే ఆగిపోద్ది. అందుకని ఆ 121 వచ్చిన అబ్బాయిని ప్రైవేట్ రెస్పాండెంట్‌గా, అంటే సంస్థతో పాటు ఇంకో ప్రతివాదిగా, పెట్టాం. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, నోటిఫికేషన్ చూసి రాశాడు, పిలిస్తే వచ్చాడు. నోటీసు అందాక వాళ్లమ్మ గారు మా ఆఫీసుకి వచ్చి మా వాడి మీద కేసేంటి బాబూ అని ఏడ్చారు. అవతలి పార్టీతో నేను మాట్లాడకూడదు, వేరే లాయర్ని పెట్టుకోండమ్మా అని మాత్రం చెప్పి పంపించా, కానీ ఆ రోజంతా మనసు బాగోలేదు. రూలు మధ్యలో మార్చినవాళ్లు ఒకళ్లు, కోర్టులో ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చింది ఈ పిల్లలిద్దరూ.

అడిగిన ఇంటెరిమ్, అంటే కేసు తేలేదాకా ఉండే తాత్కాలిక ఆర్డరు, ఒకటే, ఆ కేటగిరీలో ఒక పోస్టు ఖాళీగా ఉంచమని. మొత్తం సెలెక్షన్ మీద స్టే అడగమని ఆ అమ్మాయి బాబాయి గట్టిగా అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఒక్కరి కోసం 24 పోస్టులు ఆపమంటే ఏ జడ్జి గారైనా వెనకాడతారు, ఒక్క పోస్టు పక్కన పెట్టమంటే సంస్థకి వచ్చే నష్టం ఏముంది. మొదటి రోజే వచ్చింది ఆర్డరు, రికార్డు తెమ్మని కూడా చెప్పారు. ఆ సాయంత్రం హైకోర్టు ఉన్న నేలపాడు నుంచి కరకట్ట మీద తిరిగొస్తూ వాళ్ల నాన్నకి ఫోన్ చేశా, ఆయనకి ఇంటెరిమ్ అంటే ఏంటో అర్థం కాలేదు, కుర్చీ ఒకటి ఎవరినీ కూర్చోనివ్వకుండా ఉంచారండీ అంటే అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు లా సంగతి. ఈ విషయం మీద దేశమంతా చెప్పుకునే తీర్పు మన రాష్ట్రం నుంచే వెళ్లింది, కె. మంజుశ్రీ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, 2008. ఉమ్మడి ఏపీలో జిల్లా జడ్జిల సెలెక్షన్, రాతకి 75, ఇంటర్వ్యూకి 25. ఇంటర్వ్యూలో కనీస మార్కులు అనేది ముందు లేదు, అంతా అయ్యాక పెట్టారు. ఆట అయిపోయాక ఆట రూల్స్ మార్చడమే ఇది, కుదరదు అంది సుప్రీంకోర్టు. చాలామంది చదవకుండా వదిలేసే ముక్క ఒకటుంది అందులో. రాత పరీక్ష 100 మార్కులకి పెట్టారు, దాన్ని తర్వాత 75కి కుదించారు, దాన్ని మాత్రం కోర్టు తప్పు పట్టలేదు, ఎందుకంటే 75-25 అనేది ముందే తీసుకున్న నిర్ణయం, కుదించింది దానికి సరిపెట్టడానికి. అంటే మధ్యలో చేసిన ప్రతి మార్పూ చెల్లదని కాదు. ముందున్న రూలుకి లెక్క సరిచేసుకోవడం వేరు, ముందు లేని గీత కొత్తగా గీయడం వేరు.

దీనికి ఎదురుగా ఎప్పుడూ తెచ్చేది స్టేట్ ఆఫ్ హర్యానా వర్సెస్ సుభాష్ చందర్ మార్వాహా, 1974 రిపోర్టుల్లో ఉంది. అక్కడ రూల్స్ ప్రకారం 45 శాతం వస్తే అర్హత, 15 ఖాళీలు, కానీ ప్రభుత్వం 55 శాతం దాటిన ఏడుగురినే తీసుకుని ఆపేసింది, సుప్రీంకోర్టు సరే అంది. మా కేసులో కూడా స్టాండింగ్ కౌన్సిల్ గారు, అంటే సంస్థ తరఫు లాయరు, ముందు దీన్నే తీశారు. రెండూ ఎలా పొసుగుతాయన్న అనుమానంతోనే 2013లో తేజ్ ప్రకాశ్ పాఠక్ వర్సెస్ రాజస్థాన్ హైకోర్టు కేసుని పెద్ద బెంచికి పంపారు. అది ట్రాన్స్‌లేటర్ పోస్టుల కేసు, 13 పోస్టులు, పరీక్ష అయ్యాక 75 శాతం వస్తేనే అని గీత పెడితే ముగ్గురే మిగిలారు. పదకొండేళ్ల తర్వాత 2024 నవంబర్ 7న ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. నోటిఫికేషన్‌తో రిక్రూట్‌మెంట్ మొదలవుద్ది, ఖాళీలు నింపడంతో ముగుస్తుంది, మొదట్లో చెప్పిన అర్హత ప్రమాణాలు మధ్యలో మార్చకూడదు, రూల్స్ గానీ నోటిఫికేషన్ గానీ ఒప్పుకుంటే తప్ప, ఒప్పుకున్నా సరే ఆ మార్పు రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే ఆర్టికల్ 14కి నిలబడాలి, ఇష్టానుసారం ఉండకూడదు. మంజుశ్రీ కరెక్టే, మార్వాహాతో గొడవ లేదు, మంజుశ్రీ లిస్టులోకి ఎక్కే హక్కు గురించి, మార్వాహా లిస్టులో ఉన్నాక ఉద్యోగం పొందే హక్కు గురించి.

ఈ తేడా కోర్టులో చెప్పడానికి నాకు మా నంబర్లే సరిపోయాయి. మార్వాహాలో వరసలో పైనుంచి కిందకి వస్తూ ఒక చోట ఆగారు, ఎవరినీ దాటి కిందివాళ్లని తీసుకోలేదు. మా దగ్గర 135ని దాటుకుని వెళ్లి 121ని తీసుకున్నారు.

ఆఖరి పేజీ పేరా గురించి, అదే మార్చే హక్కు మాకుంది అన్న పేరా, దాని మీద వాదన చాలాసేపు నడిచింది. వాళ్లు చెప్పింది తీసిపారేసేది కాదు. అకౌంట్స్ సీట్లో కూర్చునే మనిషికి ఎక్సెల్ రాకపోతే సంస్థకి ఇబ్బందే, స్కిల్ టెస్టులో మూడు నాలుగు మార్కులు వచ్చినవాళ్లు కూడా రాత పరీక్ష బలంతో లిస్టులోకి వస్తున్నారని కమిటీ కంగారు పడింది, అది నిజమైన కంగారే, నేను కోర్టులో కూడా కాదనలేదు. కనీస మార్కు ఉండాల్సిందే అనుకుంటా నేను కూడా. ఎప్పుడు పెట్టారు అన్నదే నా గొడవ.

ఫైలు వచ్చాక అది తేలింది. స్కిల్ టెస్ట్ మార్కుల టాబ్యులేషన్ షీట్ ఒక సోమవారం తేదీతో ఉంది, కమిటీ మీటింగ్ అదే వారం గురువారం, మీటింగ్ నోట్‌కి అనెక్షర్‌గా జత చేసింది ఆ టాబ్యులేషన్ షీటే, పేర్లతో, హాల్ టికెట్ నంబర్లతో, రాత మార్కులు, స్కిల్ మార్కులు పక్కపక్కన. అంటే 18 పెడితే ఎవరు మిగులుతారు, 20 పెడితే ఎవరు పోతారు, 22 పెడితే ఎవరు పోతారు, అన్నీ ఆ టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లకి కళ్ల ముందు కనపడుతున్నాయి. వాళ్లు ఎవరి కోసమో చేశారని నేను అనలేదు, అనను కూడా. దురుద్దేశం అని పిటిషన్‌లో రాస్తే ఆ మనిషిని పేరు పెట్టి పార్టీ చెయ్యాలి, రుజువు చెయ్యాలి, చెయ్యలేకపోతే మంచి కేసు కూడా దాంతోపాటే పోతుంది. మంచి మనసుతోనే పెట్టారనుకుందాం, అయినా పేర్లు, మార్కులు చూస్తూ గీసిన గీతని చూడకుండా గీసినట్టు ఎవరు నమ్ముతారు, ఎలా నమ్మాలి.

ఇంకో సంగతి, ఈ కేసులో నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఇదే. తేజ్ ప్రకాశ్ తీర్పులో ఒక మాట ఉంది, ఏదైనా దశకి బెంచ్‌మార్క్, అంటే ఇంత రావాలన్న గీత, పెట్టాలనుకుంటే ఆ దశ రాకముందే పెట్టాలి, అభ్యర్థి గానీ పేపరు దిద్దేవాళ్లు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు గానీ ఉలిక్కిపడే పరిస్థితి రాకూడదు అని. అభ్యర్థి సంగతి అందరం చెప్తాం. దిద్దేవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. ఆర్టీఐలో వచ్చిన ఆ అమ్మాయి పేపరు నేను మూడు రాత్రులు చూశా. లెడ్జర్ షీట్ ప్రశ్నకి 12 మార్కులు, ఫార్ములాలన్నీ సరిగ్గా వేసింది, టోటల్స్ టాలీ అయ్యాయి, ఫైలుని చెప్పిన పేరుతో సేవ్ చెయ్యలేదని దిద్దినాయన 4 వేసి వదిలేశారు. స్కీమ్‌లో సేవింగ్‌కి ఇంత, ఫార్ములాకి ఇంత అని విడివిడిగా లేదు, దిద్దేవాళ్ల విచక్షణకి వదిలేశారు. పేపరు దిద్దిన ఆ లెక్చరర్ గారికి తెలిసింది ఏంటంటే ఈ 50 మార్కులు 200లో భాగం, కలిపి ర్యాంకు వేస్తారు, కాబట్టి టైట్‌గా దిద్దితే అందరికీ టైటే, ఎవరికీ నష్టం లేదు. 20 దాటకపోతే ఈ పిల్ల ఉద్యోగమే పోతుందని తెలిస్తే ఆయన 17 దగ్గర పెన్ను ఆపి ఇంకోసారి చూసేవాడా లేదా? మన ఇళ్లల్లో టీచర్లుంటారు కదా, అడిగి చూడండి, పాస్ మార్కు దగ్గర ఆగిన పేపరుని ఎన్నిసార్లు తిప్పి చూస్తారో. ర్యాంకు కోసం దిద్దిన పేపరు మీద పాస్-ఫెయిల్ గీత పెట్టడం అంటే, బియ్యం కొలిచిన మానికతో బంగారం తూచడం లాంటిది. ఇది నేను కోర్టులో దాదాపు ఇలాగే చెప్పా, జడ్జి గారు స్కీమ్ కాగితం అడిగి తీసుకుని చూశారు.

మిగతా అభ్యంతరాలు త్వరగానే తేలిపోయాయి. పరీక్ష రాసి ఫెయిలయ్యాక రూలు తప్పంటే ఎలా అని మదన్‌లాల్ కేసు, 1995ది, తెచ్చారు. రూలు తెలిసి రాసినవాళ్లకి వర్తిస్తది అది, తెలియని రూలుకి ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది. సెలెక్ట్ అయినంత మాత్రాన ఉద్యోగం హక్కు కాదు అని 1991 శంకర్‌సన్ దాస్ కూడా చదివారు, నిజమే, కానీ మేము లిస్టులో చోటు అడుగుతున్నాం, పోస్టులేమో నింపుతూనే ఉన్నారు. మధ్యలో ప్రమాణం పెంచినా సుప్రీంకోర్టు ఒప్పుకుందని 1994 నాటి మధ్యప్రదేశ్ పీఎస్సీ వర్సెస్ నవనీత్ కుమార్ పోత్దార్ కూడా వచ్చింది. అందులో ఐదేళ్ల అనుభవం అర్హత, అప్లికేషన్లు ఎక్కువై ఏడున్నరేళ్లు ఉన్నవాళ్లనే ఇంటర్వ్యూకి పిలిచారు. అది షార్ట్‌లిస్టింగ్, ఇంటర్వ్యూకి పిలవకముందే జరిగింది, మార్కులేసి ఎవరికెంతో చూసుకున్నాక కాదు.

పక్క మాట ఒకటి. నోటిఫికేషన్ రాసేవాళ్లు ఇవన్నీ చిన్న విషయాలనుకుంటారు. 2018 గ్రూప్-1 నోటిఫికేషన్ గుర్తుందా, మెయిన్స్ పేపర్లు డిజిటల్‌గా దిద్దిస్తే, ఆ సంగతి ముందు చెప్పలేదని 2021లో మన హైకోర్టు మాన్యువల్‌గా దిద్దమంది, ఆ తర్వాత దిద్దిన తీరు మీద మళ్లీ కేసులు, 2024లో కూడా అది కోర్టులోనే ఉంది. మొదటి రోజు రాయాల్సిన ఒక వాక్యం రాయకపోతే ఎన్నేళ్లు, ఎంతమంది జీవితాలు.

మా కేసులో ఆర్డరు ఇలా వచ్చింది. స్కిల్ టెస్టుకి 20 మార్కుల కనీసం పిటిషనర్‌కి వర్తింపజేయడం చెల్లదు, నోటిఫికేషన్‌లో చెప్పినట్టు టోటల్ మీదే చూడాలి, ఖాళీగా ఉంచిన పోస్టులో అపాయింట్‌మెంట్ ఇవ్వాలి, సీనియారిటీ మెరిట్ ప్రకారం నోషనల్‌గా, అంటే కాగితం మీద లెక్కకి, గడిచిన కాలానికి జీతం లేదు, ఇప్పటికే జాయినైనవాళ్లని కదపొద్దు. పోస్టు పక్కన పెట్టడం కోసం సంస్థ లిస్టులో ఆఖరివాళ్లని ఒక మెట్టు సర్దింది, ఆ 121 వచ్చిన అబ్బాయికి వేరే ఖాళీ దొరికి ఉద్యోగం నిలబడింది. అది విన్నాక నాకు కొంచెం తేలికపడింది.

అదే జాయిన్ అయ్యి ఏళ్లు గడిచాక కోర్టు ముందుకొస్తే ఎలా ఉంటుందో 2023 జులై 12న వచ్చిన శివానందన్ తీర్పులో చూడొచ్చు. కేరళ జిల్లా జడ్జిల సెలెక్షన్, వైవా, అంటే ఇంటర్వ్యూ, అయిపోయాక కటాఫ్ పెట్టారు, అది తప్పేనని ఐదుగురు జడ్జిల బెంచి తేల్చింది, కానీ సెలెక్ట్ అయినవాళ్లు అప్పటికే ఆరేళ్లు పనిచేశారు కాబట్టి వాళ్లని తియ్యడం కుదరదంది. కేసు గెలిచినా కుర్చీ రాలేదు. నేను ఆరు వారాల గురించి అంత గట్టిగా చెప్పింది అందుకే.

ఇంక నన్ను వదలని సంగతి ఇదీ. టాబ్యులేషన్ షీట్ ప్రకారం ఆ 20 గీత వల్ల లిస్టులోకి రాకుండా పోయినవాళ్లు మా క్లయింట్‌తో కలిపి తొమ్మిది మంది. కోర్టుకి వచ్చింది ఒక్కతే. వాళ్లందరికీ వర్తించేలా ఆర్డరు ఇవ్వమని వాదనలో అడిగా, మిగతావాళ్లు ముందుకి రాలేదు, పోస్టులు నిండాయి అన్నారు. ఆ ఎనిమిది మందిలో ఒక తెనాలి అబ్బాయి, ఆర్డరు సంగతి ఎవరో చెప్తే విని, నాకు ఫోన్ చేశాడు. స్కిల్ టెస్టులో 19 వచ్చింది సార్, ఒక్క మార్కు, నేనే సరిగ్గా చెయ్యలేదనుకుని ఊరుకున్నా అన్నాడు. ఇప్పుడు అతనికి వయసు దాటింది, ఇంకో నోటిఫికేషన్ రాయడానికి లేదు. ఆలస్యానికి కారణాలన్నీ వివరంగా రాసి, ఫైల్లోని ఆ సోమవారం, గురువారం తేదీలు రెండూ పెట్టి రిట్ వేశాం. పోస్టు ఖాళీగా ఉంచమని ఆర్డరు రాలేదు, ఉంచడానికి పోస్టే లేదు. విచారణకి అడ్మిట్ అయ్యింది, సంస్థవాళ్లు కౌంటర్, అంటే జవాబు, వెయ్యడానికి టైం తీసుకున్నారు, ఎప్పుడొస్తుందా అని ప్రతి రాత్రీ కాజ్ లిస్ట్, అంటే మర్నాడు కోర్టులో విచారించే కేసుల జాబితా, చూస్తున్నా.